మూడో రాయి

నా పొయ్యి ఆరిపోవడం నా బతుకులో రెండుసార్లే జరిగింది. మొదటిసారి మా ఆయన ఫల్గుణ పోయిన రోజున. మా ఊళ్ళో ఇంటి మగవాడు పోతే పొయ్యిలో నిప్పు ఆర్పేసి, దినాలయ్యాక పక్కింటి నుంచి కొత్త నిప్పు తెచ్చుకుంటాం. రెండోసారి ఒక ముక్కూ మొహం తెలియని డ్రైవరు ఆర్పించాడు. రోడ్డు మీద నిలబడి "పొయ్యి ఆర్పండి, పొయ్యి ఆర్పండి" అని గొంతు చించుకున్నాడు. పైగా అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి.

నా పేరు నీలవేణి. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, మా పాచిపెంట మండలంలోనే, ఒక మలుపు దగ్గర రేకుల కప్పు టీ కొట్టు కనిపిస్తుంది. అది నాది. కొట్టూ అదే, ఇల్లూ అదే. నాకు నోరు పెద్దదని అందరూ అంటారు. పెద్దదే, కాదనను. ఘాట్‌లో లారీ హారన్ల మధ్య చిన్న నోరు పెట్టుకుని వ్యాపారం చెయ్యమనండి చూద్దాం.

ఆ రోజు ఇటుకల పండగ. చైత్రంలో వస్తుంది మాకు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని నిలబడతారు. కారు గానీ, బస్సు గానీ, పోలీసు జీపు గానీ, ఆగి తీరాలి. పజోరు ఇవ్వాలి, అంటే పండగ మామూలన్నమాట. ఇవ్వలేనివాడు బండి దిగి ఆడవాళ్ళతో పాటు ఒక చుట్టు థింసా ఆడాలి. అంతవరకు కర్ర లేవదు. నేను మాత్రం ఫల్గుణ పోయాక కర్ర పట్టడం మానేశాను. కొట్టు చూసుకోవాలని సాకు చెప్పేదాన్ని.

ఎండలో లారీలు వరసగా ఆగిపోయాయి. సరిగ్గా నా కొట్టు ముందు ఒక పొడుగాటి తెల్ల ట్యాంకరు ఆగింది. కాసేపటికి దాని వెనకవైపు గొట్టంలోంచి బుస్సుమని తెల్లటి పొగ లేచింది. ఘాట్‌లో లారీ బుస్సుమంటే ఇంజను కాగిపోయిందని లెక్క. ఆవిరి కనిపిస్తే చాలు, మా చేతులు వాటంతటవే బిందె అందుకుంటాయి. నా నీళ్ళు తాగి కొండెక్కిన లారీలకు అంతే లేదు. బిందె ఎత్తుకుని పరిగెత్తి ఆ గొట్టం మీద నీళ్ళు విసిరికొట్టాను.

నీళ్ళు కిందికి కారలేదు. గొట్టం మీదే తెల్లగా గడ్డకట్టుకుపోయాయి. మండుటెండలో, నా కళ్ళ ముందు, నా ఊట నీళ్ళు ఐసైపోయాయి. నేను ఖాళీ బిందె పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయాను.

డ్రైవరు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఓలమ్మో, నీళ్ళు పొయ్యకండి! వాల్వు బిగుసుకుపోద్ది! పొయ్యి ఆర్పండి బేగి! గ్యాసిది, గ్యాసు!"

గ్యాసన్న మాట నాకు అర్థమైంది. రెండో బిందె తీసుకెళ్ళి నా పొయ్యిలో గుమ్మరించాను. పాలు పొంగి బూడిదలో కలిసిపోయాయి. కొట్టంతా తడి కట్టెల పొగ. అతను ఆ గడ్డ ఊడి పడేదాకా కాపలా కాసి, బుస్ ఆగిపోయాక నుదురు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. నేను అందుకున్నాను.

"ఏటయ్యా, కాగిన బండికి నీళ్ళు పోత్తే తప్పేటి? ముందే సెప్పొద్దేటి? నా పాలు పోనాయి, నా నిప్పు పోయింది. ఆ నిప్పు ఎన్నేళ్ళ నుంచి ఆరకుండా దాసుకున్నానో ఎరుగుదువా?"

అతను తల వంచుకుని విన్నాడు. నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు, "పాలు నేను తెత్తానండి. నిప్పు మాత్రం తేలేను, నా బండి కాడ నిప్పుండకూడదు" అన్నాడు. అతని పేరు విల్సన్, బొబ్బిలి మనిషి. అతని బండిలో అద్దం దగ్గర చిన్న చెక్క సిలువ వేలాడుతూ ఉంటుంది.

నిప్పు గంగాభవాని ఇంటి నుంచి తెచ్చుకున్నాను. గంగాభవాని మా మరిది పెళ్ళాం. పక్కిల్లే. పెంకు మీద నిప్పుకణికలు వేసి ఇస్తూ, "మగాడు పోతే పొయ్యార్పుతారు గానీ, మగాడొత్తే కూడా ఆర్పుతారేటొదినా?" అంది. దాని నోరు నా నోటికంటే పెద్దది.

అన్నమాట ప్రకారం తరువాతి ట్రిప్పులో విల్సన్ పాలు తెచ్చాడు. బండి మాత్రం నా కొట్టు ముందు ఆపలేదు. అవతలి మలుపు దాటాక వెడల్పు చోటుంటే అక్కడ పెట్టి, టైర్ల కింద రాళ్ళు వేసి, నడిచి వెనక్కి వచ్చాడు. ఎందుకింత దూరం అంటే, "మీ పొయ్యి మళ్ళీ ఆర్పించలేనండి" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. వానొచ్చినా, ఎండొచ్చినా, ఆ ఎత్తంతా దిగి వచ్చి ఒక టీ తాగి మళ్ళీ ఎక్కి వెళ్ళేవాడు. ఆ టీ కోసం అంత నడక ఎవరైనా నడుస్తారా? నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

నా కొట్టులో ఎప్పుడూ పొయ్యి పక్కన కూర్చునే మనిషి ఒకడున్నాడు, మా చిన్నాన్న సోంబరు. వేటకు పోయే వయసు దాటిపోయింది. కబుర్లకు మాత్రం దాటలేదు. ఆ గ్యాసు గురించి విల్సన్‌ని పట్టుకుని పీకేవాడు.

"మన దేశంలో గ్యాసు లేదేటి నాయినా? పై దేశం నుంచి తెచ్చుకోడమేటి?"

"ఉంది పెద్దాయనా. కోనసీమ కాడ తీత్తన్నారు గదా. సాలదు. ఎరువులకి గ్యాసే, కరెంటుకి గ్యాసే, బట్టీలకి గ్యాసే. దేశానికి ఆకలెక్కువ. అందుకని అరబ్బు దేశాల నుంచి ఓడల్లో తెత్తారు. ఒక్కో ఓడ మీ కొండంతుంటాది. రేవులో దింపితే, గొట్టాలు లేని సోటికి మాలాంటోళ్ళం మోత్తాం. నేను మోసేది కోరాపుట్ అవతల ఫ్యాక్టరీకి."

"గాలిని ఓడలో ఎలగ పోత్తారు?"

"బాగా సల్లబెడితే గ్యాసు నీళ్ళలాగ అయిపోద్ది. ఆరొందల బిందెల గాలి ఒక్క బిందెలో పడతాది. ఎంత సల్లదనమంటే, మీ పొయ్యిమ్మ పోసిన నీళ్ళు సూసినారు గదా."

పొయ్యిమ్మ అట! నాకు పేరు కూడా పెట్టేశాడు. నేను గరిటె చూపించాను. చిన్నాన్న బోసినోటితో నవ్వాడు.

ఒకరోజు టీ గ్లాసు అందిస్తుంటే అతని మణికట్టు మీద మచ్చ చూశాను. తెల్లగా, ముడతలు పడి, కాలినట్టుంది. నిప్పు తగిలిందా అని అడిగాను.

"నిప్పు కాదండి. సల్లదనానికి కాలింది. కొత్తలో గ్లౌజు ఏసుకోకుండా గొట్టం ఇప్పినాను."

"సలికి కాల్తాదేటి? ఏలాకోలమా?"

"కాల్తాదండి. నిప్పుకన్నా ఎక్కువ కాల్తాది."

నేను నమ్మలేదు. నమ్మకపోతే నమ్మకపోయాను, చెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద వేలు పెట్టి చూడటం ఎందుకు? పెట్టాను. ఆ మనిషి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. చిన్నాన్న ఆకాశంకేసి చూస్తూ వానొస్తుందేమో అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

ఫ్యాక్టరీ దగ్గర దింపేశాక తిరుగు ప్రయాణంలో ట్యాంకు ఖాళీనా అని అడిగితే ఇంకో సంగతి చెప్పాడు. మొత్తం ఖాళీ చెయ్యరట. అడుగున కొంచెం ఉంచుతారట. ఆ కొంచెం ఉన్నంతసేపు ట్యాంకు చల్లగా ఉంటుంది, మళ్ళీ నింపడం తేలిక. పూర్తిగా ఆరిపోయి వేడెక్కిందంటే మళ్ళీ మొదటి నుంచి చల్లబెట్టుకు రావాలి, అది పెద్ద తతంగం. "మీరు రేతిరి బూడిద కింద నిప్పు కప్పెట్టి ఉంచుతారు సూడండి, అదేనండి" అన్నాడు. అతనికీ పెళ్ళాం పోయి చాలా కాలమైంది. అన్నగారింటి వెనక ఒక గదిలో ఉంటాడు. ఆ సంగతి చెప్పినప్పుడు ఎందుకో మళ్ళీ ట్యాంకు గురించే మాట్లాడాడు.

వానలు పట్టాయి. కట్టెలు తడిసి కొట్టంతా పొగ. నా కళ్ళు ఎర్రగా వాచిపోయి నీళ్ళు కారుతున్నాయి. ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉన్నప్పుడు విల్సన్ తడుసుకుంటూ వచ్చాడు. భుజం మీద చిన్న సిలిండరు, చంకలో ఒంటి బర్నరు స్టవ్వు. నన్నొక్క మాట అడగలేదు. తిన్నగా లోపలికొచ్చి, నా పొయ్యి పక్కన పలక మీద స్టవ్వు పెట్టి, గొట్టం తగిలించి, చేతులు దులుపుకున్నాడు.

ఆ వెంటనే గంగాభవాని కేక పెట్టింది. "ఓలప్పో! మా వదినింట్లో పొయ్యేసీసినాడు!"

ఇక్కడ మా ఊరి సంగతొకటి చెప్పాలి. మాలో మొగుడు పోయిన ఆడది మారుమనువు చేసుకుంటే పందిరి ఉండదు, మేళం ఉండదు. మగవాడు గెడ్డలోంచి, అంటే కొండవాగులోంచి, మూడు రాళ్ళు ఏరుకొచ్చి, నలుగురి ముందూ ఆమె ఇంట్లో పొయ్యి వేస్తాడు. ఆమె ఆ రాళ్ళ మీద కుండ పెట్టిందంటే మనువు అయిపోయినట్టే. పెట్టకపోతే రాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోవాలి. అంతకుముందు మాత్రం ఆమె మనసేమిటో చాటుగా అడిగి తెలుసుకుంటారు. అడక్కుండా పొయ్యి వెయ్యడం మహా పొగరు కింద లెక్క.

నా చెవులు వేడెక్కిపోయాయి. "నన్నడక్కుండా, పదిమందిలో, నా ఇంట్లో పొయ్యి పెట్టీత్తావా? ఏటనుకున్నావు నన్ను?" అన్నాను.

విల్సన్ తెల్లబోయాడు. "మీ కళ్ళకి పొగని..." అంటూ నసిగాడు. అప్పుడు చిన్నాన్న నింపాదిగా రాళ్ళ సంగతి, కుండ సంగతి, అంతా విప్పి చెప్పాడు. వింటున్నకొద్దీ ఆ మనిషి మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో! దేవుడి తోడండి, నా మనసులో అలాంటిదేటీ లేదు! ఒట్టు, ఏటీ లేదు!"

మొదట నాకొచ్చిన కోపం, అడగనందుకు. ఇప్పుడొచ్చింది ఇంకా పెద్ద కోపం, ఏమీ లేదన్నందుకు. ఏ కోపంతో ఏం మాట్లాడానో నాకే తెలియదు. "లేదు గదా? అయితే నా కొట్టు మెట్టు మళ్ళీ ఎక్కకు" అన్నది మాత్రం గుర్తుంది. అతను వానలోకి దిగి వెళ్ళిపోయాడు. అంతకు ముందు వారం తీసుకెళ్ళిన నా ఫ్లాస్కు అతని బండిలోనే ఉండిపోయింది.

స్టవ్వు అటకెక్కించాను. కళ్ళ నీళ్ళు పొగవేనని అందరికీ చెప్పాను.

ఆ తర్వాత కూడా బండి వచ్చేది. మలుపు దగ్గర నెమ్మది చేసి, హారను మెల్లిగా ఒక్కసారి కొట్టి వెళ్ళిపోయేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. కాకపోతే ఆ హారను వినబడే వేళకు ఒక టీ గ్లాసు ఎక్కువ పోసి పెట్టడం నా చేతికి అలవాటైపోయింది. అది చల్లారేదాకా ఉంచి చిన్నాన్న తాగేవాడు. "అతగాడు రాకపోడం నా పాలిట అదృట్టం" అనేవాడు. చలికాలమంతా అలాగే గడిచింది.

ఒకరోజు హారను వినపడలేదు. మర్నాడూ లేదు. వారం గడిచింది. తెల్ల ట్యాంకర్లు ఒక్కటీ ఈ దారిన రాలేదు. టీకి ఆగిన మిగతా లారీలవాళ్ళే చెప్పారు. అరబ్బు దేశాల వైపు యుద్ధమట, సముద్రంలో గ్యాసు ఓడలు ఎక్కడివక్కడే నిలిచిపోయాయట, రేవులో ట్యాంకులు ఖాళీ అట. టౌనులో వంట సిలిండర్లకు కూడా కటకట అన్నారు. ఎక్కడి సముద్రం, ఎక్కడి కొండ! నేను సముద్రం చూసింది విశాఖపట్నంలో ఒక్కసారి, అది కూడా దూరం నుంచి. ఆ నీళ్ళ మీద ఎవరో ఎవరితోనో కొట్టుకుంటే నా కొట్టు ముందు రోడ్డు బోసిపోవడం ఏమిటని ఒళ్ళు మండింది. ఎవరి మీద అరవాలో తెలియక బజ్జీలు మాడ్చాను.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. నేను పగలంతా చూస్తున్నది రోడ్డుకేసి కాదు, ఆ అవతలి మలుపుకేసి. ఆ మనిషి కావాలి నాకు. ఇంత వయసొచ్చాక, ఇంత నోరు పెట్టుకుని, నాకు ఆ మనిషి కావాలి.

నంబరు ఉంది. బండి కాగితే నీళ్ళకు పిలుస్తానని వెక్కిరిస్తూ తనే నా ఫోనులో నొక్కి ఇచ్చాడు. మా ఊళ్ళో సిగ్నలు జీడితోట మెట్ట మీద తప్ప ఎక్కడా దొరకదు. సాయంత్రమైతే ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. ఒకరి మాట ఇంకొకరు వినకుండా మాట్లాడే వీలు లేదు. ఎక్కి నంబరు నొక్కాను. ఫోను మోగింది. ఎత్తాడు.

"నీలవేణమ్మా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను అనుకున్నదంతా మర్చిపోయాను.

"నా ఫ్లాస్కేదీ?" అన్నాను.

"ఉందండి. బండిలోనే ఉంది." అన్నాడు. "ఇక్కడ ఓడలు రావటం లేదండి. బండ్లన్నీ గుజరాత్ వైపు రేవుకి పంపేత్తన్నారు. అటు ఏవో కొన్ని ఓడలొత్తన్నాయంట. నన్ను కూడా రెండేళ్ళకి అక్కడే ఉండమంటన్నారు. మీ పండగ రోజుల్లోనే ఖాళీ బండ్లతో ఇదే దారిన రాయపూర్ మీదుగా పోవాల. ఇంకా ఔననలేదు నేను. మీరేటంటారో అని..."

నా చుట్టూ జనం. గంగాభవాని మెడ జిరాఫీలా సాగింది. ఒక్క మాట అంటే సరిపోయేది. వెళ్ళకు అంటే చాలు. నా పెద్ద నోరు ఆ ఒక్క మాటకు పనికి రాలేదు.

"నన్నడుగుతావేటి? నీ బతుకు, నీ బండి. నా ఫ్లాస్కు ఇవ్వకుండా పోయినావంటే మాత్రం ఊరుకోను" అని కట్ చేశాను.

కొట్టుకొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. చిన్నాన్న నన్నే చూస్తున్నాడు.

"పొగేటే గుంటా?"

"పొగే."

"పొయ్యింకా రగల్లేదు గదే" అన్నాడు. కాసేపటికి లేచి, వెళుతూ వెళుతూ నా తల మీద చెయ్యి వేశాడు. "పండగొత్తంది. ఈయేడు కర్ర నువ్వట్టుకో. నోరు సెప్పలేంది కర్ర సెప్తాది."

పట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత తలలో పూలు పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డాను. కర్ర ఒక కొస గంగాభవాని పట్టుకుంది, ఒక కొస నేను. ఆడవాళ్ళు పాడుతున్నారు. నాకు పాట నోట్లోకి రావడం లేదు. పొద్దున్న నుంచీ బస్సులు వచ్చాయి, కార్లు వచ్చాయి, కర్ర లేస్తోంది, దిగుతోంది. ఎండ నడినెత్తికొచ్చే వేళకు కింద మలుపులో తెల్ల ట్యాంకర్లు కనిపించాయి. ఖాళీ బండ్లు కదా, చకచకా ఎక్కి వచ్చేస్తున్నాయి.

మొదటి డ్రైవరు పజోరు ఇచ్చాడు. కర్ర లేపాం. రెండోవాడూ ఇచ్చాడు. అన్నిటికన్నా వెనక, అద్దం దగ్గర చెక్క సిలువ వేలాడుతున్న బండి వచ్చి ఆగింది. నా చేతులు కర్రను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్ళు తెల్లబడ్డాయి. ఈ కర్ర లేచిందంటే ఆ మనిషి రాయపూర్ మీదుగా వెళ్ళిపోతాడు. రెండేళ్ళు. ఆ తర్వాత ఎవరు ఎక్కడో.

విల్సన్ దిగాడు. నాకేసి చూడలేదు. బండి పక్కనున్న పెట్టె తెరిచి ఒక రాయి తీశాడు, ఇంకోటి తీశాడు, మరొకటి తీసి రెండు చేతుల్లో పొదివి పట్టుకున్నాడు.

"ఎత్తు గదా, టైర్లకి ఏత్తాడు" అంది గంగాభవాని. ఘాట్‌లో ఏ డ్రైవరైనా చేసే పనే.

ముందు టైరు దాటాడు. రాయి వెయ్యలేదు. తిన్నగా కర్ర దాకా నడిచొచ్చి, నడుం వంచి కర్ర కిందుగా దూరి, నా పక్క నుంచే వెళ్ళాడు. గుండ్రటి గెడ్డ రాళ్ళు. ఇంకా తడిగా ఉన్నాయి, చొక్కా ముందంతా తడిపేశాయి. నా కొట్టు మెట్టు ముందు ఆగి వెనక్కి తిరిగాడు. పాట ఆగిపోయింది.

"మెట్టెక్కొద్దన్నారు గదండి" అన్నాడు. "ఆ రోజు అడక్కుండా పొయ్యెట్టినాను. ఏటీ లేదని అబద్ధమాడినాను, బయమేసి. దేవుడి మీద ఒట్టెట్టి మరీ ఆడినాను. దానికి దేవుడికి నేను సెప్పుకుంటాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మెట్టెక్కొచ్చా?"

"ఓలమ్మ, వదినకి మాట పడిపోయిందర్రా!" అంది గంగాభవాని. అదీ కళ్ళు తుడుచుకుంటూనే అంది.

"ఎక్కు" అన్నాను.

ఎక్కాడు. పాత పొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మూడు రాళ్ళూ ముక్కోణంగా పేర్చి, కదలకుండా మట్టి సర్దాడు. కర్ర ఇంకొకరి చేతిలో పెట్టి నేను లోపలికి వచ్చాను. చిన్నాన్న అప్పటికే మూల నుంచి కుండ తీసి సిద్ధంగా పట్టుకున్నాడు, దొంగ ముసలాడు. విల్సనూ తనూ ముందే ఫోనులో మాట్లాడుకున్నారని అతని మొహమే చెబుతోంది.

"గుజరాతు?" అన్నాను.

"ఒప్పుకున్న బండి, అప్పజెప్పాల గదండి. అప్పజెప్పి వచ్చేత్తాను. అక్కడుండనని సెప్పీసినాను. ఓడలొత్తే ఇదే రోడ్డు మీద బండి నడుపుతాను, రాకపోతే ఇంకేదో బండి."

బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. ఊరంతా నా చేతుల్లోకి చూస్తోంది. కుండ అందుకున్నాను. రాళ్ళకేసి చూశాను. ఇప్పుడు పెట్టేస్తే మనువు అయిపోతుంది, మనిషి మాత్రం ఎన్ని రాష్ట్రాలో దాటి పోతాడు. కుండ పక్కన పెట్టేశాను. విల్సన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ మూడోది సిన్నది" అన్నాను. "కుండ ఒరిగిపోద్ది. ఇంకోటి తే."

"ఇప్పుడే గెడ్డకెళ్ళి..."

"ఇప్పుడొద్దు. నువ్వు పోయే దారిలో గెడ్డలు లేవేటి? వచ్చీటప్పుడు తే. ఈ రెండూ ఇక్కడే ఉంటాయి, నానూ ఇక్కడే ఉంటాను. బేగి రా."

ఆ మనిషి కాసేపు అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నిజానికి ఆ మూడో రాయి చిన్నదేమీ కాదు. మూడూ సరిసమానంగా, ఏ గెడ్డలో ఎంత వెతికి ఏరాడో గానీ, చక్కగా ఉన్నాయి. అది అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. గంగాభవాని కూడా.

పజోరు బాకీ ఉండిపోయింది. దాని కింద అతన్ని థింసా ఆడించారు. చర్చిలో పాట తప్ప ఆట ఎరగని మనిషి, అందరూ కుడికాలు వేస్తే తాను ఎడమకాలు వేశాడు. వరసలో నా చెయ్యి అతని వీపు వెనక ఉంది. చొక్కా ఇంకా తడిగానే ఉంది.

వెళ్ళేముందు బండిలోంచి ఫ్లాస్కు తెప్పించి, నింపి ఇచ్చాను. "మొత్తం తాగీకు. అడుగున కొంచెం ఉంచు" అన్నాను. అతను ఫ్లాస్కు గుండెకు పెట్టుకున్నాడు. కర్ర నేనే లేపాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం మెట్ట ఎక్కుతున్నాను. అతను ఎక్కడిదాకా వెళ్ళాడో, ఏం తిన్నాడో, ఏ రాష్ట్రంలో ఏ గెడ్డ చూశాడో చెబుతాడు. ఒక చోట రాళ్ళన్నీ పలకల్లా ఉన్నాయట, ఒక చోట అసలు నీళ్ళే లేవట. బండి అప్పజెప్పేశాడు. రైళ్ళు మారుతూ వస్తున్నాడు. ఊరంతా చుట్టూ కూర్చుని వింటారు. విననీ.

ఇందాక మెట్ట మీద ఉండగా ఫోను మోగింది. కోరాపుట్ బస్టాండు నుంచి. వెనక బస్సు ఇంజను చప్పుడు.

"రాయి దొరికిందండి. మంచిదే. కానీ కండక్టరు బస్సెక్కనివ్వటం లేదు. రాయి పారేసి ఎక్కమంటన్నాడు."

"ఫోనతనికియ్యి" అన్నాను.

ఎవరో విసుగ్గా "ఏటమ్మా" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. మెట్ట మీద ఒక్కరూ కదలడం లేదు. ఒకప్పుడు ఇదే చోట ఒక్క మాటకు సిగ్గుపడి నోరు మూసుకున్నాను. ఈసారి కొండ అవతలివాళ్ళకు కూడా వినబడేలా అరిచాను.

"బాబూ, అది నా పొయ్యి రాయి. దానికి టిక్కెట్టు కొట్టు, కావాలంటే సీటివ్వు. ఆ రాయీ, దాన్ని మోత్తన్న మనిషీ, ఇద్దరూ ఈ రేతిరికి నా కొట్టు కాడ దిగాల. ఆ మనిషి నాకు కావాల!"

అవతల కండక్టరు నవ్వాడు. "అలగే అప్పా, దింపుతాను. టీ పోత్తావా మరి?" అన్నాడు.

పోస్తానని చెప్పి మెట్ట దిగి వచ్చాను. రెండు రాళ్ళ పక్కన ఖాళీ చోటు ఊడ్చి, కుండ కడిగి బోర్లించాను.